గేటు మీద కట్టిన అద్భుతం

ఆ ఆదివారం ఉదయం మా చర్చి గేటు మీద కట్టిన ఫ్లెక్సీని ఒకామె కోసేసింది. లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, మగ్గం దగ్గర దారాలు తెంపే చిన్న కత్తితో మూలలకు కట్టిన తాళ్ళన్నీ తెంపింది. ఎవరి మీదా అరవలేదు. కింద పడిన ఫ్లెక్సీని బొమ్మ లోపలికి పోయేటట్లు చుట్టి చంకలో పెట్టుకుంది. కుర్చీని తెచ్చిన చోటే పెట్టింది. లోపలికి వచ్చి ఆడవాళ్ళ వైపు తన చోట్లో కూర్చుంది. పాటలు మొదలయ్యాయి. ఆమె కూడా పాడింది.

గేటు దగ్గర అప్పటికే చాలామందిమి ఉన్నాం. ఒక్కరూ ఆపలేదు. ఆపాలంటే ముందు ఎందుకు కోస్తున్నావని అడగాలి, అడిగితే జవాబు వినాలి. మా సంఘానికి అంత ఓపిక ఎప్పుడూ లేదు. సంఘం సెక్రటరీ మాత్రం ఫోన్ బయటికి తీసి, ఆమె కుర్చీ ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా వీడియో తీశాడు.

"ప్రూఫ్ ఉండాలె సార్," అన్నాడు నాతో.

"అందరం చూస్తనే ఉన్నం గదా."

"చూసినోళ్లు రేపు మాట మారుస్తరు. మనోళ్ల సంగతి మీకు తెల్వదా?"

మనవాళ్ళ గురించి ఆయన ఇన్నేళ్ళలో చెప్పిన మాటల్లో నేను పూర్తిగా ఒప్పుకున్నది అదొక్కటే.

నా ఉద్యోగమంతా దినపత్రిక డెస్కు మీద గడిచింది. కంటబడిన అక్షరమల్లా చదవడం, చదివినదాన్ని అనుమానించడం అక్కడ అబ్బిన అలవాట్లు. అంతకుముందు రోజు మధ్యాహ్నం ఆ ఫ్లెక్సీ కడుతున్నప్పుడే ఆగి చదివాను. ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీకీ మా చర్చి ఫ్లెక్సీకీ తేడా పావురం బొమ్మ ఒక్కటే. మైకు పట్టుకున్న పాస్టరుగారు నిలువెత్తున ఉన్నారు. కింద వరుసగా కమిటీ పెద్దల తలకాయలు, గుండ్రటి గీతల మధ్య. ఒక మూలన, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె. తలమీద ముసుగు, ఒళ్ళో స్టీలు గ్లాసు. ఫోటో తీస్తున్నారని తెలియని ముఖం. ఆమె పక్కన పసుపు రంగు అక్షరాల్లో: "మంచం పట్టిన ముస్లిం సోదరి లేచి నడిచిన మహాద్భుతం. రండి, చూడండి, విడుదల పొందండి."

ఆ ముసలామెది కొత్తవాడ. ఫ్లెక్సీ కోసినామె ఆమె పక్కింట్లో ఉంటుంది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళు ఒకే మగ్గం మీద జంపఖానాలు నేశారు. వెడల్పాటి జంపఖానాకు ఒక్క మనిషి చాలదు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు అటు సగం, ఒకరు ఇటు సగం నేస్తారు. ఒకరు తొందరపడితే అంచు వంకరపోతుంది, ఒకరు కునికితే నడుమ వదులవుతుంది. అందుకని పక్కన కూర్చున్న మనిషి ఊపిరి ఎట్లా ఉన్నదో కూడా తెలిసిపోతుందంటారు. ఆ మగ్గం అమ్మేసి చాలా కాలమైంది. పక్కపక్కన కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. సాయంత్రాలు ఇద్దరూ గడప మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకు వంకలు పెడుతుండేవారు. నాకూ పెట్టారు.

ఇద్దరిలో పెద్దామె, అంటే ఫ్లెక్సీ మీది ముసలామె, బచ్చలింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. కొడుకు గూడ్స్ ఆటో నడుపుతాడు. మార్కెట్ ఉన్న రోజుల్లో తెల్లారకముందే కేసముద్రం పోతాడు. కోడలు బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఇక మిగిలింది పక్కింటి మనిషి. ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున పోయి స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, డాక్టరు చెప్పినట్లు నడక స్టాండు పట్టించి నడిపించడం మొదలుపెట్టింది. ఆదివారం కూడా అదే పని. అందువల్ల చర్చికి సగం ఆరాధన అయ్యాక వచ్చేది. శుక్రవారం ఉపవాస ప్రార్థన మానేసింది. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద పాస్టరుగారు పేరు పెట్టకుండా ప్రసంగం చేసేవారు. పేరు పెట్టకపోతే అది ప్రేమ అని మా దగ్గర లెక్క.

ఒక పొద్దున పాలకు పోతూ వాకిట్లో ఇద్దరినీ చూశాను. పెద్దామె స్టాండు పట్టుకుని నిలబడింది. ఈమె వెనక నుంచి నడుము పట్టుకుంది.

"ఇంకొక్క అడుగు అక్కా."

"నీ అడుగు మన్నువడ. తుంటి నీదా, నాదా?"

"నీదే. గందుకే నువ్వే నడువాలె."

"మగ్గం మీద గూడ గిట్లనే సతాయిస్తుంటివి."

"మగ్గం మీద నువ్వు కునుకు తీస్తుంటివి. నీ దిక్కు నేను సరిచేస్తుంటి. జర కాలు లేపు, ఈడ్వకు."

పెద్దామె నన్ను చూసింది. "చూడు పేపరన్నా, ముసల్దాన్ని సంపుతాంది. రాయి నీ పేపర్ల," అంది. అంటూనే ఇంకొక అడుగు వేసింది.

ఇది ఒక వైపు. రెండో వైపు మా సంఘం.

మా దగ్గర నెలకొక ఆదివారం సాక్ష్యాలు ఉంటాయి. ప్రభువు తనకేం చేశాడో లేచి చెప్పాలి. విని విని నాకు అర్థమైనదేమంటే, మా ప్రభువు ముఖ్యంగా రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు. మడికొండలో ఐటీ పార్కు దగ్గర ప్లాటు కొన్న ఒకాయన, ప్రభువు తన హద్దులు పెంచాడని కన్నీళ్ళతో చెప్పాడు. ఆ పెరిగిన హద్దు పక్కవాడి గోడ అవతలి దాకా పోయిందని అక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందికి తెలుసు. అయినా అందరం చప్పట్లు కొట్టాం. ఇంకొకాయనకు బిడ్డ ఇంజనీరింగ్ సీటు, మరొకామెకు కొత్త కారు. సీటు రానివాళ్ళూ కారు లేనివాళ్ళూ వెనక వరుసల్లో కూర్చుని, మనలో ఏ పాపమున్నదో అని వెతుక్కుంటూ ఇంటికి పోయేవాళ్ళు. పొరుగువాడికి ఏదైనా చేశానని ఎవరూ సాక్ష్యం చెప్పగా నేను వినలేదు. చేసినవాళ్ళు లేరని కాదు. అది సాక్ష్యం కిందికి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇట్లాంటి సాక్ష్యాలే తప్ప అద్భుతాలు లేకపోవడం కమిటీని కొంతకాలంగా బాధిస్తున్నది. పక్క కాలనీలో కొత్తగా వెలిసిన సంఘంలో గుడ్డివాళ్ళకు చూపు వస్తున్నదని పుకారు. మనవాళ్ళు అటు పోతున్నారు. మన దగ్గర కూడా ఏదో ఒకటి జరగాలి.

పెద్దామె ఆపరేషన్ అయిన కొత్తలో పక్కింటామె, మా సంఘపు నేతామె, ఆడవాళ్ళ వాట్సప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి ఒక ప్రార్థన మనవి పెట్టింది. మా పక్కింటక్క పడ్డది, నొప్పితోని నిద్ర పోతలేదు, జర ప్రార్థన చేయున్రి అని. ఎవరని అడిగితే ఫోటో పెట్టింది. చేతులు జోడించిన బొమ్మలు వరదలా వచ్చాయి. ఆ ఇంటి గడప తొక్కి చూసినవాళ్ళు ఎవరూ లేరు. కొన్ని నెలల తర్వాత పాస్టరమ్మ గుర్తుపెట్టుకుని, ఇప్పుడెట్లున్నదని అడిగింది. ఈమె సంతోషంతో, లేచి నిలవడ్డది, నడుస్తాంది అని చెప్పింది.

అంతే. డాక్టరు పోయాడు, ఆపరేషన్ పోయింది, స్టాండు పోయింది, రోజూ నడుము పట్టి నడిపించిన మనిషీ పోయింది. మిగిలింది మా ప్రార్థన. గ్రూపులోని ఫోటో ఫ్లెక్సీ దుకాణానికి చేరింది. ముసలామెను అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమె కొడుకును అడగాలనీ తోచలేదు. ఊళ్ళో రోజులెట్లా ఉన్నాయో, ఒక ముస్లిం ఇంటి ఆడమనిషి బొమ్మను చర్చి గేటు మీద కడితే ఆ ఇంటిమీదికీ చర్చి మీదికీ ఏం రావచ్చునో ఆలోచించేంత తీరిక కూడా లేదు. పత్రికలో కొత్తగా చేరిన కుర్రవాడు ఇలాంటి పని చేస్తే ఆ రోజే ఇంటికి పంపేవాళ్ళం. మా దగ్గర దీనికి విశ్వాసమని పేరు.

ఫ్లెక్సీ కట్టిన శనివారం సాయంత్రానికి దాని ఫోటో కేసముద్రం మార్కెట్ యార్డులో కొడుకు ఫోనుకు చేరింది. మీ అమ్మ చర్చిల కలిసిందట గదా అని హమాలీలు నవ్వారట. అతను ఇంటికి వచ్చి గొడవ చేయలేదు. వాకిట్లో బట్టలు తీస్తున్న పక్కింటామె దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు. చిన్నప్పటి నుంచి ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాడు. తర్వాత ఆమె నాకు చెప్పిన ప్రకారం అతను అన్నది ఇంతే:

"ఖాలా, నువ్వు చేసినవని అంటలేను. కానీ రేపటి సంది మా ఇంట్లకు రాకు."

మర్నాడు ఆమె చర్చికి వచ్చి చేసిన పని మొదట్లోనే చెప్పాను.

బుధవారం సాయంత్రం కమిటీ ఆమెను పిలిపించింది. నన్నూ పిలిచారు. గొడవ పెద్దదైతే పత్రికలకు ఏం చెప్పాలో రాసిపెట్టమని. పాస్టరుగారి గదిలో ఏసీ ఉంది. పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. ఆమెకు కూడా కుర్చీ వేశారు, తలుపు దగ్గర.

"అమ్మా," అన్నారు పాస్టరుగారు, ప్రసంగం గొంతుతోనే, "కోపంతోని చేసినవా, శత్రువు ప్రేరేపిస్తే చేసినవా?"

"కత్తితోని చేసిన అయ్యగారు."

ఎవరో దగ్గారు. సెక్రటరీ అందుకున్నాడు. "దేవుని మహిమను కోసినవు. తెలుస్తాందా?"

"గది మా అక్క మొఖం సారూ. ఆమెను అడిగిన్రా?"

"మంచి సంగతికి అడుగుడెందుకు?"

"మీ ఇంటామె ఫోటువ నేను రోడ్డు మీద కడితె ఊకుంటరా? నేను గూడ మంచి సంగతే రాయిస్త."

సెక్రటరీ ముఖం ఎర్రబడింది. పాస్టరుగారు చెయ్యెత్తి ఆయనను ఆపి, మెత్తగా అడిగారు. "ఇన్ని నెలలు ఆ ఇంట్లకు పోయినవు. ఒక్కనాడన్న సువార్త చెప్పినవా?"

"తానం పోసేటప్పుడు ఏం చెప్తం అయ్యగారు. కండ్లల్ల సబ్బు పోతాందని ఆమె లొల్లి ఆమెది."

"పోనీ. నువ్వు చేసిన సేవ క్రీస్తు కోసమే చేసినవు గదా? గదన్న చెప్పు."

ఆమె, అబద్ధం చెప్పడం ఇష్టంలేని మనిషి లెక్క సరిచూసుకున్నట్లు కాసేపు నేల చూసింది.

"లేదయ్యగారు. అక్క కోసమే చేసిన. ఆయన యాదికి రాలే ఆ పొద్దు. పనిల యాదికి రాడు."

ఫ్లెక్సీ కోసినందుకు వాళ్ళకు కోపం వచ్చింది, ఈ మాటకు మాత్రం నిజంగా దెబ్బ తగిలింది. ఒక పెద్దమనిషి పక్కనాయన వైపు తిరిగి, చూసిన్రా అన్నట్లు తల ఊపాడు. ఆ గదిలో కూర్చున్న మేమందరం ఏ పని చేసినా క్రీస్తు కోసమే చేస్తున్నామని చెప్పేవాళ్ళం. క్రీస్తు కోసం ఏసీ పెట్టించాం, క్రీస్తు కోసం పక్క సంఘంతో పోటీ పడ్డాం, ఆ ముసలామె బొమ్మను గేటు మీదికెక్కించిందీ ఆయన కోసమే. ఆయన పేరు చెప్పకుండా ఒక మనిషి ఒళ్ళు తోమి, పుండ్లు పడకుండా పక్క మార్చిన మనిషి మా ఎదుట తలుపు దగ్గర కూర్చుని ఉంది. ఆమె విశ్వాసం మీద మేము అనుమానపడుతున్నాం. ఇలాంటి దృశ్యాలకు నవ్వు రావాలి. నాకు అసహ్యం వేసింది.

తీర్పు ముందే తయారుగా ఉంది. సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకునే దాకా ఆమెకు ప్రభువు బల్ల లేదు. అంటే రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం ఆమె వరుసలోకి వచ్చినప్పుడు ఆమెను దాటి పోతుంది. ఆమె వాదించలేదు.

"బల్ల సంగతి మీ ఇష్టం. నాదొక్కటే మాట. మీరొక్కసారి వాళ్ల ఇంటికి వచ్చి, మేము అడుగక చేసినం, తప్పయిందని ఆ పిలగానికి చెప్పున్రి. నన్ను రానిస్తడు. గంతే. ఆమె నడుస్తలేదు ఇప్పుడు. మంచంలకెళ్లి లేస్తనే లేదు."

"చూద్దాం," అన్నారు పాస్టరుగారు. "ప్రార్థన చేద్దాం."

ప్రార్థన చేశారు. ఆమె మెట్లు దిగిపోయాక వివరణ రాయమని నాకు కాగితం ఇచ్చారు. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నాం అని రాయాలని సెక్రటరీ సలహా. ఈ వాక్యం నాకు బాగా తెలుసు. మొదటి పేజీలో ఒకడి పరువు తీసి, ఎప్పుడో ఒకనాడు లోపలి పేజీ అడుగున, పంచాంగం పక్కన వేసే సవరణల్లో ఇది ఉంటుంది. తప్పు చేసినవాడు కనబడడు, నొచ్చుకున్నవాడి మనసే తప్పు చేసినట్లు ఉంటుంది. నేను రాయనన్నాను. నడిచి పోయి చెప్పి వచ్చేదానికి కాగితం ఎందుకని అడిగాను. మీరు పెద్దలు, అంత ఆవేశం వద్దు సార్ అన్నారు.

ఆ వారం ఆడవాళ్ళ గ్రూపులో ఆమె కోసం మళ్ళీ చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయట. దారి తప్పిన సోదరి మనసు మారాలని.

గోడకు ఇవతల నేతామెకు అంతా వినబడుతుంది. కోడలు దుకాణానికి పోయేముందు హడావుడిగా ఒళ్ళు తుడిచి పోతుంది. ఆ పిల్లను తప్పుపట్టలేం, ఆమెకు ఉన్నవి రెండు చేతులే. స్టాండు పట్టించి నడిపించే తీరిక ఎవరికీ లేదు. పెద్దామెకు కొడుకు ఫ్లెక్సీ సంగతి చెప్పలేదు. చెబితే తల్లి తట్టుకోలేదని అతని భయం. అందువల్ల పక్కింటిది ఎందుకు రావడం లేదో ఆమెకు తెలియదు. మొదట్లో తిట్టేది. యాడ సచ్చింది ఇది, ఒక్కనాడు రాదు, పనైపోంగనే మరిచింది అని గోడకు వినబడేటట్లు అనేది. ఇవతల ఈమె నోరు విప్పలేదు. విప్పితే కొడుకు మాట కాదన్నట్లవుతుంది. కొన్నాళ్ళకు పెద్దామె తిట్టడం మానేసింది.

"తిడితె మంచిగుండె పేపరన్నా," అంది ఈమె నాతో. "ఇప్పుడు సప్పుడే లేదు. నా మీద మనసు ఇరిగిందనుకుంట."

చివరికి నేనే ఆ ఇంటికి పోయాను. కొడుకు వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను ఎందుకు వచ్చానో అతనికి ముందే తెలుసు. లోపలికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"మీరెందుకు వచ్చిన్రు సార్? మీరు పెట్టిన్రా దాన్ని?"

"లేదు. కానీ నేనూ ఆ చర్చివాణ్ణే."

"మీరు చెప్తె మంచిగనే ఉంటది. కానీ మీ మాట నేను ఎవరికి చెప్పుకోవాలె? జుమ్మా కాడ అడుగుతాన్రు, యార్డుల అడుగుతాన్రు, మా మామలు ఫోన్ల మీద ఫోన్లు. పెట్టినోళ్లు వచ్చి, మేమే అడుగక పెట్టినం అని మా వాకిట్ల నిలవడి చెప్తె అయిపాయె. నేను పోయి అందరికి చెప్పుకుంట. ఖాలా మీద నాకేం కోపం లేదు. నన్ను గూడ ఆమె ఎత్తుకొని తిరిగింది."

"అప్పటిదాకా ఆమెను రానియ్యొచ్చు గదా."

"రానిస్తె, నిజమేనట, ఇంక వస్తనే ఉన్నరట అంటరు. నా బాధ జర సమజ్ చేసుకోండ్రి."

లోపల మంచం కిర్రుమంది. పెద్దామె ఎవరొచ్చిన్రని అడిగింది. పేపర్ సార్ వచ్చిండమ్మా అన్నాడు కొడుకు. ఆమె నామీద వంకలు పెట్టని మొదటిసారి అది.

కొడుకు అడిగింది న్యాయమనిపించింది. అదే మాట కమిటీకి చెప్పాను. ఎవరైనా ఒకరు పోయి, ఒక మాట చెప్పి, ఇచ్చిన చాయ్ తాగి రావాలి. ఇంతకంటే సులువైన పశ్చాత్తాపం లోకంలో ఎవరికీ దొరకదు. కమిటీ దాన్ని చాలాసేపు చర్చించింది. మనమే పోయి చెప్తే అద్భుతం జరుగలేదని ఒప్పుకున్నట్టయితది అన్నాడు సెక్రటరీ. ఇప్పటికే ఆ సంగతి నమ్మి ఇద్దరు కొత్తవాళ్ళు సంఘంలో చేరారట, వాళ్ళ విశ్వాసం ఏం కావాలని మడికొండ ప్లాటాయన అడిగాడు. పాస్టరుగారు ఇద్దరి మాటలూ విన్నారు. దేవుని సమయం కోసం కనిపెడదాం అన్నారు. ముసలామె నడక ఆగిపోయిందని నేను మళ్ళీ గుర్తుచేశాను. అవును పాపం, ఆమె కోసం కూడా ప్రార్థిద్దాం అన్నారు.

నేతామె చర్చి మానలేదు. నేను మానమన్నాను. "నేనెందుకు మానాలె? చర్చి వాళ్ల అయ్యదా?" అంది. ఇప్పుడు పొద్దున పని లేదు కనుక అందరికంటే ముందే వస్తున్నది. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద ప్రసంగాలు ఆగిపోయాయి. బల్ల ఆదివారం పళ్ళెం ఆమె వరుసలో ఆమెను దాటి పక్కామెకు పోతుంది. ఆమె తల వంచుకోదు, పళ్ళెం వైపు చూడదు. మా అందరికీ గ్లాసు అందుతూనే ఉంది, మేమందరం తాగుతూనే ఉన్నాం.

పోయిన వారం డాక్టరు వచ్చి చూశాడు. నడిపించకపోతే కాలు బిగుసుకుపోతుందని, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని చెప్పి పోయాడు. కోడలు గోడ దగ్గరికి వచ్చి ఈ మాట నేతామెకు చెప్పింది. నేతామె నాకు చెప్పింది, నేను కమిటీకి చెప్పాను. వచ్చే నెల సమావేశంలో చూస్తామన్నారు.

మా చర్చి నుంచి ఆ ఇంటికి నడిచి పోవచ్చు. ఇంతవరకు పెద్దల్లో ఎవరూ పోలేదు.